తోలు ప్యాకింగు

బనగానపల్లె దాటి బేతంచెర్ల దారి పట్టాక, ఎర్రమల కొండలు మొదలయ్యే చోట ఒక ఎక్కుడు ఉంటుంది. చూడడానికి పెద్దదేమీ కాదు. నాపరాళ్ల బండ్లు లాగే ఎద్దులు కూడా ఒక్క దమ్మున ఎక్కేస్తాయి. ఆ ఎక్కుడులో జ్ఞానరాజు నడిపే కారు మూడు వారాలుగా అతని పరువు తీస్తోంది. చదును మీద బాగానే పరుగెత్తుతుంది. ఎక్కుడు రాగానే వేగం అందుకుందామని ఎక్సిలేటరు తొక్కితే మాత్రం, ముందుకు దూకాల్సిన బండి ఎవరో తోక పట్టి వెనక్కి లాగినట్టు నీలుగుతుంది. ఇంజను దగ్గుతుంది. ఇంకా గట్టిగా తొక్కితే ఇంకా నీరసిస్తుంది. కాలు తీస్తే కాస్త తేరుకుంటుంది.

"తొక్కితే పోవల్ల గానీ, తొక్కితే నిలబడే బండి యాడన్నా ఉండాదారా?" అని మొదటి వారమే వెనక సీట్లోంచి కారు యజమాని తల్లి రామసుబ్బమ్మ అడిగింది.

జ్ఞానరాజు ఇరవై రెండేళ్లుగా మోటార్లు తోలుతున్న మనిషి. ఇంజను చప్పుడు విని రోగం చెప్తాడని చుట్టుపక్కల పేరున్నవాడు. ఆ ప్రశ్న విన్న రోజు అతనికి అన్నం సయించలేదు.

జ్ఞానరాజుది కోయిలకుంట్లకు రెండు క్రోసుల దూరంలో ఉన్న ఊరి మాలపల్లె. తండ్రి ఏసేపు, రెడ్ల పొలాల్లో జీతగాడు. మిషను దొర మొట్టమొదట మోటారు తెచ్చినప్పుడు, అది నల్లరేగడి బురదలో దిగబడితే తోయడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు. ఆ నలుగురిలో జ్ఞానరాజు ఒకడు. మిగిలిన ముగ్గురూ తోసి కూలి పుచ్చుకుని పోయారు. ఇతను మాత్రం తోసిన బండి ఎందుకు కదిలిందో, అంతకుముందు ఎందుకు కదల్లేదో తెలుసుకోవాలని అక్కడే నిలబడిపోయాడు. ఏడాది తిరిగేసరికి దొర బండి తుడవడం, రెండేళ్లకు విప్పి బిగించడం, మూడో ఏట తోలడం వచ్చాయి. దొర స్వదేశం వెళ్లిపోయాక కొన్నాళ్లు బస్సులు తోలాడు. తర్వాత సొంత ఊరి రెడ్లు కారు కొంటే, ఆ కారుకు డ్రైవరయ్యాడు.

రెడ్డి ఎదురొస్తే పల్లెవాళ్లు చెప్పులు చేతికి తీసుకుని పక్కకు తప్పుకునే రోజులవి. అలాంటి ఊళ్లో జ్ఞానరాజు ఒక్కడే రెడ్డికి వీపు పెట్టి మెత్తటి సీటు మీద కూర్చునేవాడు. కారు దిగగానే మళ్లీ మామూలే. వాకిట్లో నిలబడాల్సిందే. కారు తలుపు తీసి దూరంగా జరగాలి. లోపల పెట్టుకున్న మంచినీళ్ల చెంబు జోలికి పోకూడదు. పెద్దరెడ్డి చనిపోయాక కారు ఆయన కొడుకు ఓబులేసురెడ్డి చేతికి వచ్చింది. కానీ ఎక్కువగా ఎక్కేది ఆయన తల్లి రామసుబ్బమ్మే. బేతంచెర్లలో ఉన్న ఆమె చెల్లెలికి పక్షవాతం వచ్చింది. ప్రతి గురువారం ఆమెను చూసి రావాలి.

అంతలో యుద్ధం ముదిరింది. పెట్రోలుకు కూపన్లు పెట్టారు. నెలకిచ్చే పెట్రోలు రెండు ప్రయాణాలకు కూడా చాలేది కాదు. అప్పుడు ఓబులేసురెడ్డి కర్నూలు నుంచి ఒక మేస్త్రీని పిలిపించి కారుకు బొగ్గుగ్యాసు పొయ్యి బిగించాడు. కారు వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ము. దాని నిండా తుమ్మబొగ్గు, అడుగున నిప్పు. బొగ్గు కాలీకాలకుండా కనలుతుంటే పుట్టే గ్యాసును ఇంజను గొట్టంలోంచి పీల్చుకుని నడుస్తుంది. ఆ గొట్టం వెనక సీటు కింద నుంచి ముందుకు వస్తుంది. మధ్యలో మసి వడకట్టే పెట్టె ఒకటి. స్టీరింగు పక్కన గాలి మీట ఒకటి, గ్యాసులో ఎంత గాలి కలపాలో డ్రైవరు చూసుకోవడానికి. ఇంజను మొదలుపెట్టడానికి మాత్రం గుక్కెడు పెట్రోలు ఖర్చవుతుంది.

బిగించిన మేస్త్రీ వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. "ఈ గ్యాసు కంటికి కనపడదు, ముక్కుకు అందదు. కారు షెడ్డులో తలుపులు మూసి పొయ్యి రాజేయొద్దు."

జ్ఞానరాజు ఆ మాట విన్నాడు. షెడ్డు తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంచేవాడు. అంతవరకే.

ఎండాకాలంలో సీటు కింద గొట్టాల అతుకు దగ్గర ప్యాకింగు పాడైంది. రెండు గొట్టాల అంచులు కలిసే చోట సందు లేకుండా మధ్యన పెట్టి బిగించే బిళ్ల అది. వేడికి ఓర్చుకునే రాతినార బిళ్ల కావాలి. యుద్ధంలో అది కర్నూల్లో లేదు, కడపలో లేదు. జ్ఞానరాజు ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి దగ్గర పారేసిన పాత తోలుబాన ముక్క తెచ్చాడు. ఎనుము తోలు, వేలు మందం. దాన్ని గుండ్రంగా కోసి, రెండు రోజులు ఆముదంలో నానబెట్టి, అతుకులో పెట్టి బిగించాడు. సీటుకు సెగ తగలకుండా పైన గోనెపట్టా చుట్టి మట్టి మెత్తాడు. బండి గుర్రంలా పోయింది.

ఓబులేసురెడ్డి పదిమంది ముందు అతన్ని మెచ్చుకున్నాడు. "సామాను లేదని బండ్లన్నీ మూలబడతాంటే మావోడు ఎనుము తోలుతో నడిపిస్తాండాడప్పా!" అన్నాడు. ఆ మాట బనగానపల్లె దాకా పాకింది. అక్కడి నుంచి కోయిలకుంట్లకు గ్యాసు బస్సు తోలే పుల్లన్న వెతుక్కుంటూ వచ్చి, అలాంటిదే ఇంకోటి కోయించుకుని పోయాడు. జ్ఞానరాజు తానే వెళ్లి బస్సుకు బిగించి వచ్చాడు. ఆ రోజు పల్లెలోకి నడిచి వస్తుంటే అతని భార్య ఏసుమణికి మొగుడు ఒక జానెడు పొడుగు పెరిగినట్టు కనిపించాడట.

ఇప్పుడు ఈ దగ్గు.

మొదట ప్లగ్గులు విప్పి గీకాడు. లాభం లేదు. వడపోత పెట్టెలోని గుడ్డ ఉతికి, కొబ్బరి పీచు మార్చాడు. లాభం లేదు. గాలి మీట పూర్తిగా మూసేస్తే మాత్రం బండి కాస్త నయంగా లాగుతోంది. అంతకుముందు సగం తెరిచి నడిపేవాడు. గాలి మూస్తే నడుస్తోందంటే గ్యాసులోనే సత్తువ తగ్గిందన్నమాట, సత్తువ తగ్గిందంటే బొగ్గు మంచిది కాదన్నమాట అని లెక్క కట్టాడు. బొగ్గు కాల్చి తెచ్చే తిమ్మయ్యను పిలిపించాడు.

"పచ్చి తుమ్మ కాలుస్తాండావా ఏమప్పా?"

"నా బిడ్డల మీద ఒట్టు గ్యానరాజన్నా. కంగుమనే బొగ్గు. కావాలంటే కొట్టి చూడు."

కొట్టి చూస్తే కంగుమనే మోగింది. అయినా జ్ఞానరాజు రెడ్డితో బొగ్గు మీదే అనుమానమని చెప్పాడు. రెడ్డి తిమ్మయ్య బొగ్గు మాన్పించాడు. కొత్త బొగ్గు వచ్చింది. దగ్గు పోలేదు.

ఇదంతా ఒక ఎత్తయితే, రామసుబ్బమ్మకు కారెక్కిన ప్రతిసారీ తలనొప్పి వచ్చేది. దారిలో ఇంజను చల్లారడానికి ఆపినప్పుడు, బనగానపల్లెలో బొగ్గు నింపడానికి ఆపినప్పుడు ఆమె కిందికి దిగేది కాదు. నలుగురూ చూస్తారని పక్కనున్న గుడ్డ తెరలు దింపుకుని లోపలే కూర్చునేది. బేతంచెర్ల చేరేసరికి వాంతులు. వెంట వచ్చే పనిమనిషి తిరుపతమ్మకూ అంతే. ఇంట్లో దిష్టి అన్నారు, పైత్యం అన్నారు. ఉప్పు, మిరపకాయలు తిప్పి పోశారు. బండి రోగం వేరు, అమ్మ రోగం వేరు అనుకున్నాడు జ్ఞానరాజు. ఆ రెండూ ఒకే వారంలో మొదలయ్యాయని అతనికి తట్టలేదు.

నాలుగో గురువారం తిరుపతమ్మకు జ్వరం వచ్చి రాలేదు. అరవై దాటిన రామసుబ్బమ్మను ఒంటరిగా వెళ్లావేమని అడిగేవాళ్లు లేరు. ఒక్కతే బయల్దేరింది. బనగానపల్లె దాటేసరికి మబ్బు కమ్మింది. ఎక్కుడు దగ్గరికి వచ్చేసరికి వాన. జ్ఞానరాజు దిగి కారు చుట్టూ తెరలు దింపి గుండీలు పెట్టాడు.

ఎక్కుడు మధ్యలో బండి మళ్లీ నీలిగింది. అతనికి ఒక ఆలోచన వచ్చింది. గ్యాసు మూసేసి పెట్రోలు కుళాయి తిప్పాడు. తొక్కాడు. కారు ఉలిక్కిపడి లేచి, ఉరికినట్టు ఎక్కింది. అంటే ఇంజనులో లోపం లేదు. ప్లగ్గుల్లో లేదు. ఉన్నదంతా గ్యాసు దారిలోనే. పైన చదునుకు చేరగానే ఒక బండరాయి పక్కన ఆపి ఇంజను కట్టేశాడు.

"అమ్మా, వడపోత పెట్టె ఒకసారి విప్పి చూడల్ల. రోంత సేపు పడతాది."

"కానీరా. నాకూ తల పగిలిపోతాంది. కన్ను మూస్తా."

వానలోనే ముందుభాగం కింద దూరి పెట్టె విప్పాడు. గుడ్డ శుభ్రంగా ఉంది. పీచు శుభ్రంగా ఉంది. మసి లేదు, తేమ లేదు. గొట్టంలోకి కడ్డీ దూర్చి చూశాడు. ఎక్కడా అడ్డం లేదు. మళ్లీ బిగించేసరికి అరగంట పైన పట్టింది. ఇక చూడనిది వెనక సీటు కింద భాగమొక్కటే. అక్కడ చూడాలంటే అమ్మ దిగాలి.

"అమ్మా! రోంత దిగల్లమ్మా."

పలుకు లేదు.

"అమ్మా!"

వాన చప్పుడుకు వినపడలేదేమోనని తెర దగ్గరికి వచ్చి గట్టిగా పిలిచాడు. మూడోసారీ పలుకు లేకపోయేసరికి గుండీలు తీసి తెర ఎత్తాడు.

రామసుబ్బమ్మ సీటు మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. కళ్లు సగం మూసుకున్నాయి. ముఖం పాలిపోలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ముడతలు పడ్డ ఆ ముసలి బుగ్గలు పెళ్లికూతురి బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. జ్ఞానరాజు లోపలికి వంగి మళ్లీ పిలవబోయాడు. రెండు ఊపిర్లు పీల్చేసరికి అతని తల కూడా గిర్రున తిరిగింది.

అప్పుడు, తిరిగే తలలోనే, మేస్త్రీ చెప్పిన మాట వినిపించింది. కంటికి కనపడదు, ముక్కుకు అందదు.

చేయి చాచాడు. ఆమె భుజానికి జానెడు దూరంలో ఆ చేయి ఆగింది. ఆ ఇంటి కారు తోలుతున్న ఎనిమిదేళ్లలో ఆమె చీర కొంగు గాలికి ఎగిరి తన వైపు వచ్చినా పక్కకు జరిగినవాడు. వెనక్కి తిరిగి దారి రెండు వైపులా చూశాడు, ఎవరైనా వస్తే బాగుండునని. ఎవరూ లేరు. వాన తప్ప ఏమీ లేదు. ఎంతసేపు చూశాడో అతనికే తెలియదు. రెండు క్షణాలే అయి ఉండాలి. ఆ రెండు క్షణాల కోసం తర్వాత చాలా ఏళ్లు తనను తాను తిట్టుకున్నాడు.

"యేసయ్యా" అని, ఊపిరి బిగబట్టి లోపలికి దూరి, ఆమెను రెండు చేతులా ఎత్తి బయటికి తెచ్చాడు. బండరాయి చాటున పడుకోబెట్టాడు. వాన జల్లు ఆమె ముఖం మీద కొడుతోంది. "అమ్మా, అమ్మా" అంటూ చెంపలు తట్టాడు. అరిచేతులు రుద్దాడు. తల పక్కకు తిప్పి పట్టుకున్నాడు. చాలాసేపటికి ఆమె రొమ్ము ఒక్కసారి ఎగిసింది. ఇంకోసారి. తర్వాత పెద్దగా వాంతి చేసుకుంది. అతను కార్లోంచి ఆమె రాగి చెంబు తెచ్చి, మూత తీసి, నోరు కడిగి, రెండు గుక్కలు తాగించాడు.

"ఎవురు?" అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

"నేనమ్మా. గ్యానరాజును."

"కారు పడిందా?"

"లేదమ్మా."

"మరి నన్నెవురు దింపినారు?"

ఆమె కళ్లు తెరిచి, అతని చేతిలో ఉన్న తన చెంబును చూసింది. ఆ తర్వాత అతని ముఖం చూసింది. మళ్లీ కళ్లు మూసుకుంది.

వాన తగ్గింది. ఆమె లేచి బండకు ఆనుకుని కూర్చోగలిగాక, అతను కారు తెరలన్నీ పీకేశాడు. వెనక సీటు ఎత్తి పక్కన పడేశాడు. కింద గోనెపట్టా చుట్టిన అతుకు. దాని మీద అతనికి ఇన్నాళ్లూ అనుమానం రాలేదు. ప్లగ్గుల్ని అనుమానించాడు, గుడ్డను అనుమానించాడు, తిమ్మయ్యను అనుమానించాడు. తన చేత్తో బిగించిందాన్ని మాత్రం విప్పి చూడలేదు.

ఇంజను నడిపించాడు. గోనె పీలిక ఒకటి ముట్టించి, మంట ఊది ఆర్పి, పొగ వచ్చేట్టు చేసి అతుకు దగ్గర పట్టుకున్నాడు. పొగ పైకి పోలేదు. తాడు పట్టి లాగినట్టు నేరుగా అతుకు వైపు పోయి, పట్టా కిందికి దూరి మాయమైంది. ఇంజను ఆ సందులోంచి బయటి గాలిని పీల్చుకుంటోంది. ఎంత తొక్కితే అంత గాలి. గ్యాసు పలచబడి సత్తువ చస్తోంది. గాలి మీట మూసేస్తే కాస్త నయమైంది ఇందుకే.

ఇంజను కట్టేశాడు. కాసేపు ఆగి, తడి చేయి అదే చోట పెట్టాడు. ఇప్పుడు అరచేతికి వెచ్చటి ఊపిరి తగిలింది. పీల్చే ఇంజను ఆగింది. కానీ డ్రమ్ములో బొగ్గు కనలుతూనే ఉంది. అందులో పుట్టే గ్యాసు ఆ సందులోంచే సీటు కిందికి వస్తోంది. నడిచేటప్పుడు గాలి లోపలికి, ఆగినప్పుడు గ్యాసు బయటికి. బండి దగ్గూ అమ్మ తలనొప్పీ ఒకటే రోగం.

మట్టి పగలగొట్టి, పట్టా విప్పి, బోల్టులు తీశాడు. తోలు మాడిన అప్పడంలా చేతిలోకి పొడిపొడిగా రాలింది. సగం అసలు లేనే లేదు.

దాన్ని అరచేతిలో పెట్టుకుని రామసుబ్బమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ నోరు ఆగలేదు.

"అమ్మా, ఇది నేను చేసిందే. దీని వల్లనే బండి నిలిచిపోతాండేది. దీని వల్లనే మీకు... మిమ్మల్ని చంపబోయింది నేనేనమ్మా."

ఆమె ఆ నల్లటి పొడిని చూసింది. "నా కొడుకు పదిమందిలో మెచ్చుకున్న తోలేనా?"

"అదేనమ్మా."

"అయితే మెచ్చుకున్నోడు కూడా నీ పక్కన నిలబడల్ల."

ఆమె నవ్వు లాంటిదేదో నవ్వింది. జ్ఞానరాజుకు నవ్వు రాలేదు. 'పదిమందిలో' అన్న మాట దగ్గరే అతని మనసు ఆగిపోయింది. పొడి చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా... పుల్లన్న బస్సు!"

"ఏ బస్సు?"

"వానికీ ఇట్లాంటిదే కోసిచ్చినా. నేనే బిగించి వచ్చినా." అతను కొండ కిందికి చూశాడు. "ఇప్పుడు బనగానపల్లెలో నిలబడింటాది. వాన. తెరలు దించింటారు. జనం ఎక్కి కూచోనింటారు."

రామసుబ్బమ్మ గోడ పట్టుకున్నట్టు బండను పట్టుకుని లేచింది. "మరి నన్ను చూస్తా నిలబడినావేంరా? బండి తియ్యి!"

డ్రమ్ములోని నిప్పంతా దారి పక్కన గుమ్మరించి, కార్లో ఉంచిన సీసాలో మిగిలిన పెట్రోలు ట్యాంకులో పోశాడు. వెనక సీటు ఎలాగో విప్పి ఉంది. అతను దాన్ని మళ్లీ అమర్చబోతుంటే ఆమె వచ్చి ముందు తలుపు తీసుకుని, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది.

"ఆ గుంతలో ఇంగ కూచోను" అంది.

దిగుడంతా అతను బ్రేకు మీద కాలు పెట్టింది తక్కువ. పక్కన రెడ్డిగారి ఇంటి పెద్దమ్మ కూర్చుని ఉందన్న ధ్యాస కూడా లేదు. బస్సులో ఎంతమంది ఉంటారు, ఎంతసేపటి నుంచి కూర్చుని ఉంటారు అని అదే మెదులుతోంది.

బస్సు అక్కడే ఉంది. ఇంజను ఆగి ఉంది. వానకు తెరలన్నీ దించి ఉన్నాయి. పుల్లన్న ఎదురుగా టీ అంగడి చూరు కింద బీడీ తాగుతున్నాడు. జ్ఞానరాజు కారు దిగుతూనే ఒక్క పరుగున వెళ్లి వెనక తెర పట్టుకుని చింపాడు.

"దిగండి! అందరూ దిగండి! బయటికి రాండి!"

"ఏమప్పా, పిచ్చి పట్టిందా నీకు?" పుల్లన్న పరుగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. లోపలి జనం తిట్టారు. సీటు పోతుందని ఒకడు కదల్లేదు. పల్లెవాడు అరిస్తే లేవడమేమిటన్నట్టు ఇంకొకడు ముఖం తిప్పుకున్నాడు. వెనక వరుసలో ఒకామె మాత్రం తల రెండు చేతులా పట్టుకుని వాంతి చేసుకుంటోంది.

అప్పుడు వెనక నుంచి రామసుబ్బమ్మ గొంతు వినిపించింది. తడిసిన చీర, ఊడిపోయిన ముడి. నిలబడడానికి కారు తలుపు పట్టుకుని ఉంది.

"దిగండ్రా! చస్తారు!"

ఆ గొంతుకు అందరూ దిగారు. ఒక్క ముసలాయన దిగలేదు. చివరి సీటు మూలన గోనెసంచికి ఆనుకుని నిద్రపోతున్నాడు. అతని ముఖం ఎర్రగా ఉంది. జ్ఞానరాజూ పుల్లన్నా మోసుకొచ్చి వాన చినుకుల్లో పడుకోబెట్టారు. జ్ఞానరాజు అతని అరిచేతులు రుద్దాడు. ముసలాయన కాలు కదిలాక, "అయ్యో, నా సంచి?" అన్నాక, ఒక ఆడమనిషి గొల్లున ఏడ్చింది. ఆమె అతని కోడలట. మామ నిద్రపోతున్నాడు కదా అని మేలుకొలపలేదట.

పుల్లన్న బస్సు కింద దూరి అతుకు విప్పి చూశాడు. అంచంతా మాడి, ఒక పక్క వేలు దూరేంత సందు పడింది.

"నా బస్సు కూడా పది దినాలుగా ఎక్కుడొస్తే దగ్గుతాందప్పా" అన్నాడు బయటికి వచ్చి. ముఖం తెల్లబోయి ఉంది. "బొగ్గు బాగలేదనుకున్నా."

జ్ఞానరాజు రోడ్డు మీద కూలబడ్డాడు.

పెట్రోలు అడుగంటింది, ప్యాకింగు లేనిదే రెండు బండ్లూ కదలవు. తోలు పనికిరాదు. కమ్మరి పెద్ద ఈరన్నను అడిగితే, రాగి రేకైతే వేడికి ఓర్చుకుంటుందన్నాడు. కాల్చి నీళ్లలో ముంచితే రాగి మెత్తబడుతుంది, బిగిస్తే సందుల్లోకి ఒదుగుతుంది. కానీ యుద్ధంలో రాగి ఎక్కడ దొరుకుతుంది? రామసుబ్బమ్మ కార్లోంచి తన చెంబు తెచ్చి కమ్మరి ముందు పెట్టింది.

"దండిగా ఉండాది రాగి. కోయి."

"తల్లీ, నీళ్లు తాగే చెంబు..."

"ఇంగ ఇంట్లోకి తీసకపోయేది కాదులే. కోయి."

ఆ మాటకు అర్థమేమిటో జ్ఞానరాజుకు తెలియలేదు. బస్సు జనం కోసం ఇచ్చిందా? తన చేయి పడిన చెంబు కాబట్టి వదిలించుకుందా? అప్పుడు తెలియలేదు, తర్వాతా తెలియలేదు. పెద్ద ఈరన్న చెంబును నిలువునా చీల్చి, సుత్తితో చదును చేసి, రెండు బిళ్లలు కోశాడు. కొలిమిలో ఎర్రగా కాల్చి తొట్టిలో ముంచాడు. జ్ఞానరాజు రెండింటినీ తన చేత్తోనే బిగించాడు. బిగించాక పొయ్యి రాజేసి, పొగ పట్టి ఒకటికి నాలుగుసార్లు చూశాడు. పొగ ఎటూ వంగకుండా నిటారుగా పైకి పోయింది. అయినా నమ్మకం కుదరక ఐదోసారి చూశాడు.

దీపాలు పెట్టే వేళకు ఊరు చేరారు. వార్త వాళ్లకంటే ముందే చేరింది. ఓబులేసురెడ్డి వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"అమ్మా, స్పృహ తప్పినావంట? కార్లోంచి నిన్ను ఎవురు దింపినారు?"

జ్ఞానరాజు తల వంచుకున్నాడు. నేనే అని చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఎవురు దింపేదేందిరా? తల తిరిగితే నేనే దిగి బండ మీద కూచున్నా" అంది రామసుబ్బమ్మ. "గ్యానరాజు బండి బాగుచేసినాడు. నువ్వు మెచ్చుకున్న తోలు కాలిపోయింది, అంతే. బొగ్గోని తప్పేం లేదు. రేపు వాన్ని పిలిపించు."

లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఏసుమణి ముందు తప్ప జ్ఞానరాజు ఆ విషయం ఎవరితోనూ అనలేదు. "అమ్మ నా పని నిలబెట్టింది" అన్నాడు. చొక్కా విప్పుతూ, "కానీ నేను ఎత్తలేదనింది" అన్నాడు. ఏసుమణి కంచం పెట్టింది. అతనే మళ్లీ అన్నాడు: "ఎన్నేండ్లు ఆమెకు భయపడినా. ఎత్తితే బరువే లేదు."

మర్నాడు తానే తిమ్మయ్య బొగ్గుబట్టీ దగ్గరికి నడిచి వెళ్లాడు. ఆ బట్టీ చల్లబడి రెండు వారాలైంది. "నా చేతి తప్పుకు నీ నోటికాడి కూడు తీసినానప్పా" అన్నాడు. తిమ్మయ్య చల్లబడ్డ బట్టీ వైపు చూశాడు. ఆ తర్వాత, "చెప్పను వచ్చినావు గదా, కూచో" అని, ఒక దుంగ చూపించాడు.

తర్వాతి గురువారం ఎక్కుడు మొదట్లో జ్ఞానరాజు గాలి మీట సగం తెరిచి ఎక్సిలేటరు తొక్కాడు. కారు ఆగకుండా, దగ్గకుండా, చప్పుడు మార్చకుండా పైకి పోయింది. ఆ పోకడ కోసం నెల రోజులు తపించిన మనిషికి సంతోషం రాలేదు. చెవులు ఇంజను మీద లేవు. వెనక సీటు మీదున్నాయి.

రామసుబ్బమ్మ మళ్లీ వెనకే కూర్చుంది, తిరుపతమ్మ పక్కన. తెరలు మాత్రం ఆ రోజు నుంచి దింపనివ్వలేదు. ఎండకు ఎండింది, వానకు తడిసింది. బండి ఎక్కడ ఆగినా కిందికి దిగి, నలుగురూ చూస్తున్నా చెట్టు కింద నిలబడేది. ఎక్కుడులో కారు పోతుంటే మధ్య మధ్య వెనక నుంచి ఆమె గొంతు వినిపించేది, ఎవరూ అడగకపోయినా.

"గ్యానా, నేను మేలుకొనే ఉండానులే."

"సరేమ్మా" అనేవాడు జ్ఞానరాజు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.